మీరు లోపల ఉన్నారా, బయట ఉన్నారా

నేను ఉద్యోగం నుంచి రిటైరయ్యాను గానీ నా కోపం ఇంకా సర్వీసులోనే ఉంది. మా ఆవిడ దాన్ని నా పెన్షన్ అంటుంది, నెలనెలా తప్పకుండా వస్తుందట. ఈ మధ్య మా వీధిలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే పిల్లలు కొందరు ఇంటి నుంచే పని చేస్తున్నారు. మంచం మీద పడుకుని ఆఫీసు మెయిల్ చూసుకుంటారు, రెండు నిమిషాలు ఆలస్యంగా తెరుచుకుంటే విసుక్కుంటారు. వాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఒక సంగతి గుర్తొస్తుంది. ఆఫీసు మెయిల్ తెరుచుకోనందుకు ఒకామె ఉద్యోగం పోబోయిన సంగతి. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. కంప్యూటర్ చదువులు చదువుతున్న మీరు కూడా రేపు ఏదో ఒక ఆఫీసులో ఇలాంటి ఏర్పాట్లు తయారుచేసేవాళ్ళే కాబట్టి మీకే చెబుతున్నాను.

నేను పనిచేసింది పల్లెల్లో తాగునీళ్ళు పరీక్షించే ఒక సంస్థలో. హెడ్డాఫీసు హైదరాబాదులో ఉండేది. మా బ్రాంచి మార్కాపురంలో, ఒక పలకల గోడౌన్ పక్కన మేడ మీద. టైపిస్టుగా చేరి, కంప్యూటర్లు వచ్చాక వాటికి కాపలాదారుణ్ణై, చివరికి 'సిస్టమ్స్' అని బల్ల మీద బోర్డు పెట్టుకునే దాకా వచ్చాను. మా ప్రాంతపు నీళ్ళ సంగతి తెలిసిందే. బోరు వేస్తే నీళ్ళు పడవు, పడితే వాటిలో ఫ్లోరైడ్ ఉంటుంది. అటు పుల్లలచెరువు, త్రిపురాంతకం, దొనకొండ, ఇటు గిద్దలూరు దాకా మా ఫీల్డ్ సిబ్బంది ఉండేవాళ్ళు. ఎక్కువమంది ఆడవాళ్ళే. ఊరూరా బోర్ల దగ్గర సీసాల్లో నీళ్ళు పట్టి, సంచుల్లో సర్ది మా ఆఫీసుకు చేర్చడం వాళ్ళ పని.

వాళ్ళలో పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లెలో ఒకామె ఉండేది. ఊరివాళ్ళు సీసాలక్క అని పిలిచేవాళ్ళు, మాకూ అదే అలవాటైంది. చర్చి వీధిలో ఇల్లు. ఈ పనిలో చేరకముందు మిరప కోతల కాలం వచ్చిందంటే మొగుడూ పెళ్ళాం మూట కట్టుకుని, కూతుర్ని బడి మాన్పించి, గుంటూరు వైపు పోయేవాళ్ళు. ఉద్యోగం వచ్చాక ఆమె, పిల్ల ఊళ్ళోనే ఉండిపోయారు. నేను చెబుతున్న ఏడు ఆ పిల్ల టెన్త్ చదువుతోంది. మా ఫీల్డ్ సిబ్బంది ఉద్యోగాలు ఏడాది కాంట్రాక్టు మీద నడిచేవి. పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆమెకు నోరు మంచిది కాదనేవాళ్ళు ఆఫీసులో. నేను వినగా ఆమె ఎప్పుడూ లేని మాట అనలేదు, ఉన్న మాట మాత్రం దాచుకోలేదు.

అంతవరకు మా పని ఫోన్లలో సాఫీగానే సాగింది. ఏ ఊళ్ళో ఏ బోరు నీళ్ళు తాగకూడదో గ్రూపులో మెసేజ్ పెడితే అందరికీ తెలిసేది. హెడ్డాఫీసుకు అది మోటుగా కనిపించింది. ఇక మీదట రిపోర్టులు, ఆర్డర్లు, చివరికి కాంట్రాక్టు పొడిగింపు కూడా ఆఫీసు మెయిల్‌లోనే జరగాలని ఉత్తర్వు పంపారు. ప్రతి మనిషికీ ఒక మెయిల్ ఐడీ సృష్టించారు. మంచి పనే, పల్లెలో సీసాలు మోసే మనిషికి కూడా సంస్థ పేరుతో ఒక చిరునామా వచ్చిందని నేనూ సంతోషించాను. ఆ సంతోషం సాయంత్రం దాకా నిలవలేదు.

ఆ మెయిల్ ఆఫీసు గోడల మధ్య ఉండే లోపలి నెట్‌వర్క్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదని తెలిసింది. బోర్ల వెంట తిరిగేవాళ్ళకి లోపలి నెట్‌వర్క్ ఎక్కడి నుంచి వస్తుంది? బయటి నుంచి తెరవాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలన్నారు. ఆ అనుమతి ఎలా తీసుకోవాలో వివరిస్తూ బారెడు సూచనలు తయారుచేశారు. వాటిని ఎక్కడికి పంపారనుకున్నారు? ఇంకా తెరుచుకోని ఆ మెయిళ్ళకే. పెట్టెకు తాళం వేసి తాళంచెవి ఆ పెట్టెలోనే పెట్టే ఘనులు ఉంటారని అంతకుముందు నేను నమ్మేవాణ్ణి కాదు.

హెడ్డాఫీసులో నెట్‌వర్క్ చూసే అధికారికి ఫోన్ చేశాను. చిన్నవాడు, తెలుగువాడు, మర్యాదస్తుడు. మర్యాదస్తులతో చిక్కేమిటంటే వాళ్ళతో తనివితీరా దెబ్బలాడడం కుదరదు. బ్యాంకుల వాళ్ళు పంపుతున్నట్టు ఫోన్‌కు ఒక కోడ్ పంపండి, అది కొడితే ఫోన్‌లోనే మెయిల్ తెరుచుకునేలా చేయండి అని చెప్పాను. సెక్యూరిటీ పాలసీ ఒప్పుకోదన్నాడు. మా నీళ్ళలో ఫ్లోరైడ్ తప్ప రహస్యమేమీ లేదు బాబూ అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. నేను చెప్పిన పద్ధతినే చాలా రోజుల తర్వాత అందరికీ పెట్టారు, అది కొత్త ఆలోచన అని హెడ్డాఫీసులో ఎవరికో ప్రశంసాపత్రం కూడా ఇచ్చారని విన్నాను. ఆ రోజుకు మాత్రం ఒక మధ్యేమార్గం చెప్పాడు. ఫీల్డ్ సిబ్బంది ఒక్కొక్కరికీ హెడ్డాఫీసు నుంచి ఫోన్ చేయిస్తారు. లోపలి నెట్‌వర్క్‌లో ఉన్నారా, బయట ఉన్నారా అని అడుగుతారు. బయట ఉన్నామని చెప్పినవాళ్ళకు ఫోన్‌లో మెయిల్ తెరిచే అనుమతి ఇస్తారు. అందరూ బయటివాళ్ళే కదా, నాలుగు రోజుల్లో తెమిలిపోతుందనుకున్నాను.

రెండు రోజులయ్యాక మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తే మా ఆవిడ అన్నం వడ్డిస్తూ నా మొహం చూడకుండా మాట్లాడుతోంది. ఏమిటని అడిగాను. త్రిపురాంతకం వైపు పనిచేసే అమ్మాయి ఫోన్ చేసిందట. ఆఫీసు నుంచి ఎవరో మగమనిషి అందరికీ ఫోన్లు చేసి అడగరాని మాట అడుగుతున్నాడని, అన్నకు చెప్పడానికి సిగ్గై వదినకు చెబుతున్నానని అందట.

"ఏమడిగినాడంట?" అన్నాను.

"మీరు లోపల ఉన్నారా, బయట ఉన్నారా అని అడిగినాడంట," అంది మా ఆవిడ. చెబుతూనే ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మొహం ఎర్రబడింది. "ఏందయ్యా మీ ఆఫీసు? ఆడోళ్ళని అట్ల అడగొచ్చునా?"

పట్నంలో పెరిగిన పిల్లలకు తెలియకపోవచ్చు గనక చెబుతున్నాను. మా వైపు ఇళ్ళలో ఆడవాళ్ళు నెలసరిలో ఉంటే ఆ మాట సూటిగా అనరు. బయట ఉంది అంటారు. ఆ రోజుల్లో దూరంగా కూర్చునే ఆచారం చాలా ఇళ్ళలో పోయింది, మాట మాత్రం ఉండిపోయింది. అది ఆడవాళ్ళు తమలో తాము అనుకునే మాట. మొగుడు కూడా వినీవిననట్టు ఊరుకోవాల్సిన మాట.

ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నను హెడ్డాఫీసులో ఎవరో తెలుగు చేశారు. లోపలి నెట్‌వర్క్, బయటి నెట్‌వర్క్ అని రెండుసార్లు చదవడం ఫోన్ చేసేవాడికి బరువైందేమో, నెట్‌వర్క్‌ను తీసేశారు. మిగిలింది అది. ముక్కూమొహం తెలియని మగవాడు పొద్దున్నే ఫోన్ చేసి అట్లా అడిగితే ఏ ఆడమనిషి 'బయట ఉన్నాను' అంటుంది? కొందరు 'లోపలే ఉన్నాం' అని గబగబా చెప్పి పెట్టేశారట. త్రిపురాంతకం అమ్మాయి, అత్తగారు పక్కన ఉండేసరికి, ఏం చేయాలో తోచక ఫోన్ మొగుడి చేతికిచ్చింది. ఆ మొగుడు అవతలివాణ్ణి తిరిగి ఏమడిగాడో ఇక్కడ రాయలేను. దొనకొండలో పనిచేసే ఒక మగాయన మాత్రం 'బయటే ఉన్నా సార్, టీ బంకు కాడ' అన్నాడు. ఆయనకు వెంటనే అనుమతి వచ్చింది. లోపల ఉన్నామన్న ఆడవాళ్ళందరి మెయిళ్ళనూ ఆఫీసు లోపల తప్ప తెరుచుకోకుండా గట్టిగా బిగించేశారు.

సీసాలక్కకు కూడా ఆ ఫోన్ వచ్చింది. 'ఆ మాట పోయి మీ అమ్మనడుగు' అని పెట్టేసింది.

ఆ వారంలోనే మా బ్రాంచి మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. హెడ్డాఫీసు సిబ్బందితో అనుచితంగా ప్రవర్తించినందుకు సీసాలక్కకు నోటీసు వచ్చిందని చెప్పాడు. వారం లోపల తన మెయిల్ నుంచే సంజాయిషీ ఇవ్వాలి, ఇవ్వకపోతే కాంట్రాక్టు పొడిగించరు. ఆయనకు కాపీ వచ్చింది. అసలు నోటీసు ఆమె మెయిల్‌లో ఉంది, ఆ మెయిల్ ఆమెకు తెరుచుకోదు. ఆ సమయానికి ఆమె ఏ ఊళ్ళోనో బోరు దగ్గర సీసా పట్టుకుని ఉంటుంది. తనకు నోటీసు వచ్చిందని గానీ, గడువు నడుస్తోందని గానీ ఆమెకు తెలియదు. మనమేం చేయగలమయ్యా అన్నాడు మేనేజర్. నాకు ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. ఎవరైనా ఆ మాట అన్నారంటే చేయగలిగింది ఏదో ఉందని, చేయడం ఇష్టం లేదని అర్థం.

నా బల్ల దగ్గరికి వచ్చి నెట్‌వర్క్ అధికారికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. ఆ మాటకు మా ఇళ్ళలో అర్థమేమిటో, వయసులో పెద్దవాణ్ణి, నోరు విప్పి చెప్పాను.

"మీ ఇంట్లో ఆ మాట అనరా బాబూ?" అని అడిగాను.

"అంటారు సార్," అన్నాడు. "కానీ ఇది టెక్నికల్ టర్మ్ కదా. నేను ఆ యాంగిల్‌లో ఆలోచించలేదు."

తెలియక చేశాడంటే నేను సమాధానపడి ఉండేవాణ్ణి. తెలియకపోవడం నేరం కాదు. తెలిసినవాడు. అమ్మ దగ్గర, అక్కల దగ్గర ఆ మాట వింటూ పెరిగినవాడు. ఆఫీసు కుర్చీలో కూర్చునేసరికి తన ఇంటి భాష తనకే వినపడలేదు. ఇంట్లో ఆడవాళ్ళకొక మర్యాద, పల్లెలో సీసాలు మోసే ఆడవాళ్ళకు ఇంకో మర్యాద అని అతను అనుకోలేదు, నాకు తెలుసు. అసలేమీ అనుకోలేదు. నా కోపమంతా ఆ అనుకోకపోవడం మీదే. మీరు పైకి వెళ్ళాక మీ కింద ఎవరికో ఒక ప్రశ్న రాస్తారు. దాన్ని ముందు మీ ఇంట్లో పైకి చదివి చూడండి.

అతను మర్యాదగానే బాధపడ్డాడు. ఫైలు తన చేయి దాటి హెచ్చార్‌కు వెళ్ళిపోయిందని, ఇక సంజాయిషీ మెయిల్‌లో రావాల్సిందేనని చెప్పాడు. ఫోన్‌లో చెబితే చెల్లదు, కాగితం మీద రాస్తే చెల్లదు. ఆమె మెయిల్‌కు అనుమతి మార్చాలంటే మళ్ళీ ఆమె తన మెయిల్ నుంచే అడగాలట. నేను ఫోన్ పెట్టేసి మంచినీళ్ళు తాగాను, కోపం దిగలేదు.

సీసాలక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె అడిగింది ఒకటే.

"పాప పరీక్షలదాకనన్నా ఉంచుతారా అన్నా? మళ్ళ కోతకు పోవాలంటే దాన్ని యాడ పెట్టాల?"

నువ్వు మార్కాపురం రా, మా ఆఫీసు కంప్యూటర్‌లో నీ మెయిల్ తెరిచి జవాబు పంపిద్దాం అన్నాను. గడువు ఆఖరి రోజున వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, సీసాల సంచి భుజాన వేసుకుని మెట్లెక్కి వరండాలో నిలబడింది. నేను లోపలికి రమ్మనేలోపు మేనేజర్ గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో సర్క్యులర్ ఉంది. బయటి సిబ్బందిని లోపలి నెట్‌వర్క్ ఉన్న గదిలోకి రానివ్వకూడదు, అక్కడి కంప్యూటర్లు ముట్టుకోనివ్వకూడదు అని అందులో ఉందని, తనకూ పిల్లలున్నారని చెప్పాడు. ఆయన గొంతు చిన్నబోయింది. అయినా గుమ్మంలోంచి కదల్లేదు.

సీసాలక్క ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఏందన్నా ఇది? బయట ఉంటే తెరుసుకోదంట. లోపలికేమో రానియ్యరంట. నేను యాడ నిలబడాల?"

"నన్నేమీ అనుకోవద్దమ్మా, రూలు అట్ల ఉంది," అన్నాడు మేనేజర్.

"రూలు మాకు కొత్తది కాదులే సార్," అంది. గొంతు పెంచలేదు. "మా అవ్వ తాతలు బయటే నిలబడినారు. వాళ్ళని మెయిలు తెరవమని ఎవురూ అడగలే, అంతే తేడా."

నా సర్వీసులో చాలామంది అరవగా విన్నాను. ఈ మాట తగిలినట్టు ఇంకేదీ తగల్లేదు. సిగ్గు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఏం మాట్లాడినా నోరు జారతానని స్టోరు గదిలోకి వెళ్ళాను. కొత్త నెట్‌వర్క్ వైరు చుట్ట ఒకటి అక్కడ వాడకుండా పడి ఉంది. దాన్ని తెచ్చి ఒక కొస లోపల గోడకు గుచ్చి, రెండో కొస కిటికీ ఊచల్లోంచి వరండాలోకి వదిలాను. వరండాలో విజిటర్ల బల్ల ఉంది. దాని మీద నా ల్యాప్‌టాప్ పెట్టి వైరు తగిలించాను. మనిషి ఎక్కడ కూర్చుందో కంప్యూటర్‌కు తెలియదు, వైరు ఎక్కడి నుంచి వచ్చిందో అదే తెలుసు. ఆమె గడప దాటలేదు, రూలు చెడలేదు. హెడ్డాఫీసు లెక్క ప్రకారం సీసాలక్క ఇప్పుడు లోపల ఉంది.

మేనేజర్ గుమ్మంలోంచి కదిలి కిటికీ దగ్గరికి వచ్చాడు. వైరు పీకేస్తాడేమో, పీకితే ఈ వయసులో చేయి చేసుకోవాల్సి వస్తుందేమో అనుకున్నాను. ఆయన పాత దినపత్రిక ఒకటి మడిచి, కిటికీ రెక్క కొట్టుకుని వైరు నలగకుండా మధ్యలో దోపి, ఏమీ అనకుండా వెళ్ళి కూర్చున్నాడు.

మెయిల్ తెరుచుకుంది. ముందు ఆ బారెడు సూచనలు, వాటి కింద నోటీసు. ఆమె వేలు పెట్టి నోటీసు మొత్తం చదివింది. సంజాయిషీ నేను టైపు చేస్తానన్నాను, ఒకప్పటి టైపిస్టునే కదా. చింతిస్తున్నాను అని ఒక్క మాట పెడితే పని అయిపోతుందని కూడా అన్నాను. ఆమె ఉద్యోగం నిలవాలి, ఆ పిల్ల పరీక్ష రాయాలి, ఆ పూటకు నాకు కనిపిస్తున్నది అంతే. ఆమె నోటీసులో 'అనుచితంగా' అన్న మాట మీద మళ్ళీ వేలు పెట్టింది.

"వద్దన్నా. అట్ల రాస్తే అది నిజమైపోతాది," అంది. "జరిగింది జరిగినట్టే రాయి. పాపకు రేపు నేను ఇదే చెప్పుకోవాల."

ఆమె చెప్పింది, నేను కొట్టాను. ఒక మగమనిషి ఫోన్ చేసి నేను బయట ఉన్నానా అని అడిగినాడు, ఆ మాట ఇంట్లో నా భర్త కూడా అడగడు, నా పనిలో తప్పుంటే చెప్పండి దిద్దుకుంటాను, ఇంతే. 'మీ అమ్మనడుగు' అన్నది వదిలేద్దామా అని అడిగాను. అన్నమాట అన్నానని రాయమంది. రాశాను. పంపే బటన్ ఆమే నొక్కింది.

ఆ తర్వాత రోజులు నాకు బాగా గడవలేదు. లోపలి నెట్‌వర్క్‌ను వరండాలోకి లాగినందుకు నాకొక మెమో వచ్చింది. దానికి జవాబు రాయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది, ఎందుకంటే రాసిన తిట్లన్నీ మళ్ళీ కొట్టేయాల్సి వచ్చింది. ఆమె సంగతి మాత్రం ఎటూ తేల్లేదు. కోతల కాలం దగ్గరపడుతోంది, వాళ్ళ ఊళ్ళో కొందరు అప్పటికే బయల్దేరారని ఫోన్‌లో చెప్పింది. చివరికి ఒక రోజు ఆమె మెయిల్‌కు హెడ్డాఫీసు నుంచి ఏదో వచ్చిందని మేనేజర్ చెప్పాడు. మళ్ళీ పిలిపించాను, మళ్ళీ వరండాలోకి వైరు లాగాను.

"మీ అనుచిత ప్రవర్తనను మానవతా దృక్పథంతో క్షమించడమైనది. మీ కాంట్రాక్టును మరో సంవత్సరం పొడిగించడమైనది. ఈ మెయిల్ అందినట్టు తెలియజేయగలరు."

ఉద్యోగం నిలిచింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ మొదటి వాక్యానికి పళ్ళు కూడా నూరుకున్నాను. మేనేజర్ కిటికీలోంచే చేతులెత్తి దండం పెట్టాడు, గండం గడిచిందమ్మా, అందిందని ఒక్క ముక్క కొట్టి పంపెయ్యి అన్నాడు.

ఆమె మాత్రం మెయిల్‌ను మళ్ళీ చదువుతోంది.

"క్షమించినారంటనా?" అంది నాతో. "ఆదివారం ఆదివారం చర్చిలో మాకు అయ్యగారు చెప్పేది ఇదే గదన్నా. దెబ్బ తిన్నోళ్ళు క్షమించాలని చెప్తాడు. కొట్టినోళ్ళు క్షమించేదేంది?"

నేనే టైపు చేస్తానని చేయి చాపితే, ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. కావాల్సిన అక్షరం ఎక్కడుందో నన్నడుగుతూ, ఒక్కొక్కటే వెతుక్కుంటూ ఒక్క వేలితో కొట్టింది. వత్తు దగ్గర తప్పు పోతే చెరిపి మళ్ళీ కొట్టింది. నేను చదివి వద్దనేలోపే పంపేసింది. ల్యాప్‌టాప్ మూసి, సంచి భుజానికెత్తుకుని, బస్సుకు టైమైందని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తెరిచి చూశాను. "అందింది. నేను మాత్రం ఇంకా క్షమించలేదు," అని ఉంది.

హెడ్డాఫీసు నుంచి దానికి ఇప్పటిదాకా జవాబు రాలేదు.